మన దవాఖాన – మన మాట

సర్కారు దవాఖాన ఎవరిది? డాక్టరుదా? సర్కారుదా? సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడతాం. ఆ పన్నుల డబ్బుతోనే దవాఖాన నడుస్తుంది. అంటే అది మనది.

వికారాబాదు, తాండూరులో పెద్ద దవాఖానలు ఉన్నాయి. చుట్టుపక్కల మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. కంది చేలల్లో, నాపరాయి గనుల్లో పనిచేసే వాళ్ళు జ్వరమొచ్చినా, కాన్పుకైనా అక్కడికే పోతారు.

అక్కడ తాగడానికి నీళ్ళు లేవనుకోండి. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గొళ్ళెం లేదనుకోండి. అప్పుడు ఏం చేస్తాం? ఇంటికొచ్చి తిట్టుకుంటాం. లేదంటే అప్పు చేసి ప్రైవేటు దవాఖానకు పోతాం. అప్పు పుట్టని వాళ్ళ సంగతేమిటి? కాన్పుకొచ్చిన చెల్లెలు ఆ అవస్థే పడాలి. ఇంట్లో అన్న మాట దవాఖానకు చేరదు కదా!

మధ్యప్రదేశ్‌లో ఇండోర్ అనే పట్నం ఉంది. అక్కడి పెద్దాసుపత్రిలో ఎలుకలు, చెత్త బాగా పెరిగిపోయాయి. 1994లో అధికారులు, జనం కలిసి దాన్ని శుభ్రం చేశారు. జనం చందాలు కూడా ఇచ్చారు. ఆ తర్వాత దవాఖాన బాగోగులు చూడడానికి ఒక సంఘం పెట్టారు. దాని పేరు రోగి కల్యాణ్ సమితి.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. ఈ పద్ధతి దేశమంతా వచ్చింది. మన దగ్గర దీన్ని ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అంటారు. ఊళ్ళో ఇంకో కమిటీ ఉంటుంది. అది గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ. అందులో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి.

మిషన్ కింద ఆరోగ్య కేంద్రం కమిటీకి ఏడాదికి 1 లక్ష రూపాయలు, ఊరి కమిటీకి 10,000 రూపాయలు అని నిర్ణయించారు. బెంచీలు, నీళ్ళు, శుభ్రత, చిన్న చిన్న మరమ్మతులు ఇలాంటి డబ్బుతో చేయించవచ్చు.

మరి మనం ఏం చేయాలి?

1. కమిటీలో ఎవరున్నారో ఆశ అక్కను అడగండి.
2. ఒక్కరే పోకండి. సంఘం ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి పోండి.
3. కొట్లాట వద్దు. నర్సమ్మకూ అక్కడ ఇబ్బందులు ఉంటాయి. ఆమెతోనూ మాట్లాడండి.
4. నోటితో చెప్పి ఊరుకోకండి. అర్జీ రాయండి. ఇలా రాయవచ్చు:

డాక్టరు గారికి నమస్కారం.
దవాఖానలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గొళ్ళెం లేదు. చాలా ఇబ్బందిగా ఉంది. కమిటీలో పెట్టి బాగు చేయించగలరు.
ఇట్లు, మా సంతకాలు.
తేదీ:

అర్జీ నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. పని కాకపోతే వికారాబాదులో జిల్లా వైద్య ఆరోగ్య అధికారి ఉన్నారు. కలెక్టరు ఆఫీసులో సోమవారం ప్రజావాణి ఉంటుంది. తాండూరు వాళ్ళు రైలెక్కి కూడా పోవచ్చు. కమిటీ డబ్బు దేనికి ఖర్చయిందో తెలియాలా? 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జబ్బుతో ఉన్న మనిషికి అడిగే ఓపిక ఉండదు. ఒంట్లో బాగున్నప్పుడే మనం అడగాలి. ఒకప్పుడు వేలిముద్ర వేసిన చెయ్యి ఇప్పుడు అర్జీ రాయగలదు.

మాట్లాడుకోండి:
మీ దవాఖానలో ముందుగా ఏది బాగుపడాలి?
ఆ అర్జీ ఎవరు రాస్తారు? వెంట ఎవరెవరు పోతారు?