ఎగురని విమానములు

పక్షివలె గగనమున విహరింపవలెనను కోరిక మానవునకు అనాదిగా కలదు. 1903వ సంవత్సరమున రైట్ సోదరులు ఆ కోరికను సఫలము చేసిరి. కాని విమానమును స్వయముగా నడపు భాగ్యము నూటికో కోటికో ఒక్కనికి గాని లభింపదు. తక్కినవారు ఆకాశమువంక చూచి సంతసించిరి. లేదా చేతికందిన వస్తువులతో విమానపు బొమ్మలు చేసికొనిరి. ఇట్టి బొమ్మలలో ప్లాస్టిక్ తునకలను అతికి చేయు నమూనా విమానములు విశేష ప్రఖ్యాతి గాంచినవి. 1960 ప్రాంతమున ఇంగ్లండులో పెరిగిన బాలురకు ఇవి మిక్కిలి ప్రియమైన వినోదము. ఆ బాలురు నేడు వృద్ధులైరి. అయినను వారిలో పెక్కురు ఆ పాత పెట్టెల కొరకు అంగడులు గాలించుచున్నారు. దీనికి కారణమేమో తెలిసికొనదగియున్నది.

మొదట నమూనా విమానములను కఱ్ఱతో చెక్కెడివారు. ఇంగ్లండులో ‘ఫ్రాగ్’ అను పేరుతో ఎగిరెడి బొమ్మ విమానములను అమ్ము వ్యాపారసంస్థ యొకటి ఉండెను. 1936వ సంవత్సరమున ఆ సంస్థవారు ప్లాస్టిక్ భాగములను పెట్టెలలో నుంచి అమ్మనారంభించిరి. కొన్నవారు ఆ భాగములను అతికి విమానమును పూర్తిచేసికొనవలెను. అయితే ఇవి ఎగురవు. అలమారులో అలంకారముగా నిలిచియుండును. కావుననే వీనికి ‘పెంగ్విన్’ అని పేరిడిరి. రెక్కలుండియు ఎగురజాలని పక్షి పెంగ్విన్ గదా!

ఈ నమూనాలు నిజవిమానములో 72వ వంతు పరిమాణము గలవి. అనగా విమానమునందలి 6 అడుగులు నమూనాలో 1 అంగుళమగును. ఈ కొలత వలని ప్రయోజనము రెండవ ప్రపంచయుద్ధమున లోకమునకు వెల్లడియైనది. ఆకాశమున దూరముగా కానవచ్చు విమానము మిత్రులదో శత్రువులదో క్షణములో పోల్చుకొనవలెను. పొరపాటు జరిగినచో స్వపక్షమువారే ప్రాణములు కోల్పోవుదురు. 72వ వంతు నమూనాను 10 మీటర్ల దూరమున నిలిపి చూచినచో, నిజవిమానము 720 మీటర్ల దూరమున ఎట్లు కనబడునో అట్లే కనబడును. అందుచే 1942వ సంవత్సరమున అమెరికా నౌకాదళమువారు సైనికుల శిక్షణకై 5 లక్షల నమూనాలు కావలెనని పాఠశాలలను కోరిరి. విద్యార్థులు కఱ్ఱను చెక్కి, నునుపు చేసి, నల్లరంగు పూసి పంపిరి. పిల్లల చేతిపని పెద్దల ప్రాణములను కాపాడుటకు తోడ్పడెను.

యుద్ధానంతరము పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్ చవుకగా లభింపసాగెను. ఇది వేడికి మెత్తబడి, చల్లారగనే గట్టిపడును. కరగిన ప్లాస్టిక్కును మిక్కిలి ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి చొప్పింతురు. అది సన్నని కాలువలగుండ పారి ప్రతి గుంటను నింపును. అచ్చు తెరచినపుడు రెక్కలు, తోక, చక్రములు అన్నియు చెట్టుకొమ్మకు కాయలవలె ఒకే చట్రమునకు అంటియుండును. అచ్చు చేయుటకు వ్యయము హెచ్చు. కాని ఒకసారి సిద్ధమైనచో అది లెక్కకు మిక్కిలిగా ప్రతులను ఈయగలదు. బొమ్మలు చవుకగుటకు కారణమిదియే.

ఈ పద్ధతితో మిగుల కీర్తి గడించిన సంస్థ ఎయిర్‌ఫిక్స్. హంగేరీ దేశమునుండి వచ్చిన నికొలస్ కోవ్ 1939వ సంవత్సరమున దీనిని లండనులో స్థాపించెను. మొదట గాలి నింపు రబ్బరు బొమ్మలును, పిమ్మట దువ్వెనలును చేసి అమ్మిన ఈ సంస్థ, 1950 తరువాత నమూనాల తయారీకి పూనుకొనెను. వూల్‌వర్త్ అంగడులలో 2 షిల్లింగులకే అమ్ముటకై అట్టపెట్టెకు బదులు పలుచని సంచిలో భాగములనుంచిరి. పిల్లలు కూడబెట్టుకొన్న చిల్లరడబ్బులకే విమానము చేతికి వచ్చెను. స్పిట్‌ఫైర్ నమూనా అందరికిని ప్రియమైనది. ఈ విమానము 1936వ సంవత్సరమున తొలిసారి ఎగిరినది. బర్మా యుద్ధరంగమున భారత వైమానికులును దీనిని నడపిరి. దాని రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 72వ వంతు నమూనాలో అది ఇంచుమించు 15.6 సెంటీమీటర్లు మాత్రమే.

నమూనా కట్టుట ఓర్పుతో కూడిన పని. ముందుగా చట్రమునుండి భాగములను వరుసక్రమమున కోసి, మొనలను గరుకు కాగితముతో నునుపు చేయవలెను. చోదకుని బొమ్మను లోన కూర్చుండబెట్టిన పిమ్మటనే మొండెపు రెండు చెక్కలను కలుపవలెను. మరచినచో మరల తెరచుట కష్టము. ఇందులకు వాడు జిగురు సామాన్యమైన బంకవంటిది కాదు. అది ప్లాస్టిక్కు పైపొరను కరగించి రెండు ముక్కలను ఒక్కటిగా చేయును. ఎక్కువైనచో భాగములు రూపుచెడును. తక్కువైనచో అతుకు విడిపోవును. తుదకు రంగులు వేసి, చిహ్నముల బొమ్మలను నీట నానబెట్టి మెల్లగా జార్చి అంటింతురు. తొందరపడువానికి ఈ పని లొంగదు. ఎన్నియో విమానములు వ్రేలిముద్రలు పడిన అద్దములతోను, వంకర రెక్కలతోను పూర్తియైనవి. అయినను వానిని దారముతో ఇంటికప్పునకు వ్రేలాడదీసి బాలురు గర్వించిరి.

పెట్టెలపై బొమ్మల ఆకర్షణయు తక్కువది కాదు. చిత్రకారుడు రాయ్ క్రాస్ 1964 నుండి 1974 వరకు ఎయిర్‌ఫిక్స్ వారికి చిత్రములు వ్రాసెను. మేఘములను చీల్చుకొని వచ్చు ఆ విమానములను చూచి బాలుడు పెట్టెను కొనెడివాడు. లోన నుండునవి బూడిదరంగు తునకలే. చిత్రమునకు తునకలకు నడుమనున్న దూరమును అతని ఊహయే పూరించెడిది.

కాలక్రమమున ప్లాస్టిక్కు ధర పెరిగెను. పిల్లల మనస్సు క్రొత్త వినోదములవైపు మరలెను. 1976 ప్రాంతమున ఫ్రాగ్ నమూనాల తయారీ నిలిచిపోయెను. దాని అచ్చులలో పెక్కు సోవియట్ దేశమునకు తరలిపోయి, అచ్చట నోవో అను పేరుతో బొమ్మలను ఇచ్చినవి. యుద్ధమున తమ శత్రువులైన జర్మనీ, జపానుల విమానముల అచ్చులను మాత్రము సోవియట్లు గైకొనలేదు. ఎయిర్‌ఫిక్స్ 1981వ సంవత్సరమున దివాలా తీసి, చేతులు మారి, 2006వ సంవత్సరమున హార్న్‌బీ సంస్థకు చేరినది. నేటికిని ఆ సంస్థ కొన్ని పాత అచ్చులనుండి నమూనాలను వెలువరించుచున్నది.

నేటి క్రొత్త నమూనాలు పాతవానికంటె ఎంతయో మేలైనవి. పాత రెక్కలపై రివెట్లు మొటిమలవలె పొడుచుకొనియుండును. నమూనాపై అర మిల్లీమీటరు గుబ్బ నిజవిమానముపై 36 మిల్లీమీటర్ల గుబ్బకు సమానము! అట్టి రివెట్లు ఏ విమానమునకును ఉండవు. అయినను పాతవానినే కోరువారు కలరు. కొందరు వానిని తెరవక భద్రపరతురు. తెరచినచో వెల తగ్గునని వారి భయము. మరికొందరు తెరచి కట్టుదురు. మొదటివారికి పెట్టె మిగులును. రెండవవారికి పని మిగులును.

ఆ వస్తువు లోపములేనిదని వారు దానిని కోరుటలేదు. పదియేండ్ల ప్రాయమున, పెద్దల సాయము లేక, మొదటినుండి తుదివరకు తామే పూర్తిచేసిన తొలి పని అది. చేతితో నేర్చిన ఓర్పు చేతిలోనే నిలిచియుండును. ఎగురని విమానము వారికిచ్చిన విద్య అదియే.