బరువును ఆపే ఇరుసు

ఎడ్లబండిని ఎరిగినవారికి ఇరుసును గురించి వేరుగా చెప్పనక్కరలేదు. రెండు చక్రాలూ దాని మీదనే తిరుగుతాయి. బండి మోసే బరువంతా దాని మీదనే పడుతుంది. ఇరుసు వంకరైతే బండి పక్కకు లాగుతుంది. కందెన లేకపోతే కిర్రుమంటుంది. అయితే పల్లపు దారిలో బరువుబండిని నిలిపే శ్రమ ఎక్కువగా ఎడ్లదే. వెనుక నుండి బరువు నెట్టుకొస్తూ ఉంటే అవి మెడలు బిగబట్టి, కాళ్లు తన్నిపెట్టి బండి జోరును తగ్గిస్తాయి. ఎడ్ల చోట యంత్రం వచ్చిన తరువాత ఈ పనిని ఇరుసుకే అప్పగించవలసి వచ్చింది. చక్రాలను ఆపే సాధనాలు రెండు కొసలా అమర్చిన ఇరుసును బ్రేకు ఇరుసు అంటారు.

పవర్ టిల్లరు 1960ల దశకంలో జపాను నుండి మన దేశానికి వచ్చింది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా వరి పొలాలలో ఇది రైతులకు బాగా పరిచయమైన యంత్రం. దీనికి రెండే చక్రాలు. దున్నేటప్పుడు రైతు దీని వెనుక నడుస్తాడు. దున్నకం పని లేని రోజులలో దీని వెనుక ఒక చిన్న ట్రైలరును తగిలించి ధాన్యం, ఎరువు, ఇటుకలు చేరవేస్తారు. అప్పుడు తోలేవాడు ట్రైలరు ముందుభాగంలో ఉన్న పీట మీద కూర్చుంటాడు. టిల్లరు బరువు సుమారు 400 నుండి 500 కిలోలు. ట్రైలరులో ఎత్తే సరుకు ఒక టన్నుకు పైగా ఉంటుంది. అంటే లాగేదాని కంటే లాగబడేదే ఎక్కువ బరువు. అందువల్ల బ్రేకును బరువున్న చోటనే, అంటే ట్రైలరు ఇరుసుకే అమర్చుతారు.

కదిలే వస్తువును ఏదో ఒక బలం ఆపే వరకు అది అదే వేగంతో, అదే దిశలో సాగుతుందని న్యూటన్ 1687లో ప్రకటించాడు. దీనినే జడత్వం అంటాము. టిల్లరు నెమ్మదించినా ట్రైలరు నెమ్మదించదు. అది కొక్కెం దగ్గర టిల్లరును ముందుకు నెడుతుంది. ఆ తోపు కొంచెం పక్కకు పడిందంటే, బందు మీద తలుపు తిరిగినట్లు, రెండూ కొక్కెం దగ్గర మడతపడతాయి. వేగం పెరిగేకొద్దీ ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేసిన తరువాత 2 మీటర్లలో ఆగే బండి, 14 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 8 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలవుతుంది.

టిల్లరు విషయంలో మరొక చిక్కు ఉంది. దీనికి స్టీరింగు చక్రం ఉండదు. రెండు పిడుల దగ్గర రెండు క్లచ్ లివర్లు ఉంటాయి. చదునైన దారిలో ఎడమ లివరును నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను శక్తి అందదు. కుడి చక్రం ముందుకు సాగి బండి ఎడమకు తిరుగుతుంది. పల్లంలో ట్రైలరు వెనుక నుండి నెడుతున్నప్పుడు ఇదే లివరు నొక్కితే, ఎడమ చక్రం ఇంజను పట్టు నుండి విడిపోయి జోరుగా దొర్లుతుంది. కుడి చక్రాన్ని ఇంజను పట్టి ఉంచుతుంది. అందుచేత బండి కుడికి తిరుగుతుంది! ఈ సంగతి తెలియనివారు గట్టు మీది నుండి కాలువలో పడే ప్రమాదం ఉంది. ట్రైలరు బరువును దాని బ్రేకే పట్టి ఉంచితే ఈ తోపు చాలావరకు తగ్గుతుంది.

చక్రంతోపాటు తిరిగే గుండ్రని ఇనుప డొల్లను బ్రేకు డ్రమ్ము అంటారు. దాని లోపల నెలవంక ఆకారంలో రెండు షూలు ఉంటాయి. అవి తిరగవు. తోలేవాడు కాలితో పెడలును నొక్కితే కడ్డీ లాగబడి, షూలు విచ్చుకొని డ్రమ్మును ఒరుసుకుంటాయి. ఆ ఘర్షణలో బండి గతిశక్తి వేడిగా మారుతుంది. బండి ఆగుతుంది.

ఇరుసును అమర్చేటప్పుడు మొదట దాని స్థానం చూడాలి. సరుకు నింపిన ట్రైలరు గరిమనాభికి ఇరుసు కొద్దిగా వెనుకగా ఉండాలి. అప్పుడు బరువులో కొంత భాగం కొక్కెం మీద వాలుతుంది. ఇరుసు మరీ ముందుకు జరిగితే వెనుక బరువెక్కి కొక్కెం పైకి లేస్తుంది. టిల్లరు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. ఎడ్లబండికి సరుకు ఎత్తేవారు ముందు బరువు, వెనుక బరువు సరిచూసుకోవడంలోని మర్మం కూడా ఇదే.

రెండవది, ఇరుసు అడ్డంగా సరిగా ఉండటం. కొక్కెం నడిమి నుండి ఇరుసు కుడి కొస వరకు, ఎడమ కొస వరకు టేపుతో కొలవాలి. రెండు కొలతలూ సమానం కావాలి. గణితంలో చెప్పుకునే సమద్విబాహు త్రిభుజం ఇక్కడ పనికివస్తుంది. కొలతలు తేడాగా ఉంటే ట్రైలరు వాలుగా నడుస్తుంది, టైర్లు త్వరగా అరిగిపోతాయి.

మూడవది బిగింపు. మామూలు ఇరుసు ముఖ్యంగా బరువును మోస్తుంది. బ్రేకు ఇరుసు మెలిపెట్టే బలాన్ని కూడా తట్టుకోవాలి. ఎందుకంటే బ్రేకు పడగానే డ్రమ్ము షూలను తనతోపాటు తిప్పుకొని పోవాలని చూస్తుంది. షూలు ఉన్న పలక ఇరుసుకు బిగించి ఉంటుంది కనుక ఇరుసు కూడా తిరగబోతుంది. కమాను కట్టలకు ఇరుసును పట్టి ఉంచే యు-బోల్టులు వదులుగా ఉంటే అది మెలితిరిగి తన చోటు నుండి జరుగుతుంది. పాత బోల్టులతో సరిపెట్టరాదని మెకానిక్కులు చెప్పడానికి కారణం ఇదే.

నాలుగవది సర్దుబాటు. నేల చదునుగా ఉన్న చోట ట్రైలరును నిలిపి, ఒక చక్రానికి ముందూ వెనుకా రాళ్లు పెట్టి, రెండవ చక్రాన్ని జాకీతో ఎత్తాలి. చక్రాన్ని చేతితో తిప్పుతూ షూ డ్రమ్మును తాకే వరకు సర్దుబాటు మరను బిగించి, మళ్లీ చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వదలాలి. రెండు చక్రాలకూ ఇలా చేసిన తరువాతే పెడలు కడ్డీ పొడవును సరిచేయాలి. ముందుగా కడ్డీని బిగిస్తే షూలలోని లోపం కప్పబడిపోతుంది. కడ్డీ లాగే బలం ఒక సమతూకపు పట్టీ ద్వారా రెండు చక్రాలకూ పంచబడితే మంచిది. రెండు ఎడ్లకు కాడి చేసే పనినే ఈ పట్టీ చేస్తుంది.

చివరిది పరీక్ష. ముందు ఖాళీ ట్రైలరుతో, జనం లేని చోట, నెమ్మదిగా నడిపి బ్రేకు వేయాలి. మట్టి నేల మీద రెండు చక్రాల జాడలూ ఒకే తీరుగా పడాలి. బండి ఒక పక్కకు లాగితే రెండు బ్రేకులూ సమంగా పట్టడం లేదన్నమాట. తరువాత సరుకుతో చూడాలి. బరువుకు కమాన్లు దిగినప్పుడు కడ్డీ తనంతట తానే బిగుసుకోకూడదు. కొంత దూరం పోయిన తరువాత ఒక డ్రమ్ము రెండవదాని కంటే వేడిగా ఉంటే, అక్కడ షూ రాసుకుంటున్నదని అర్థం. మొదటి ప్రయాణాల తరువాత చక్రాల నట్లను, యు-బోల్టులను మళ్లీ బిగించాలి. ఇరుసుకు గ్రీజు అవసరమే. కాని అది షూల మీదికి చేరితే ఘర్షణ పోయి బ్రేకు జారిపోతుంది.

ఇంత చేసినా బ్రేకు మీద మాత్రమే ఆధారపడరాదు. పల్లం మొదలు కాకముందే తక్కువ గేరులోకి మారాలి. సరుకు మీద మనుషులను ఎక్కించుకోరాదు. కొత్త బండి కొనేవారు అది ఎంత బరువు లాగుతుందని అడుగుతారు. ఎంత బరువును ఆపగలదని కూడా అడగాలి.