ఉక్కు గొట్టం గుట్టు

కల్వకుర్తి పేరు చెబితే పాతతరానికి సైకిలు ఓడిపోయిన ఊరు గుర్తొస్తుంది. 1989 ఎన్నికల్లో సైకిలు గుర్తు మీద నిలబడ్డ ఎన్టీఆర్‌ను అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ ఓడించాడు. అసలు సైకిలు మాత్రం ఆ మెట్ట పల్లెల్లో అంత తేలిగ్గా ఓడలేదు. హ్యాండిలుకు పాల క్యాన్లు, వెనక యూరియా బస్తా, ముందర రాడ్డు మీద పిల్లాడు, ఇంత బరువుతో కంకర బాటల మీద ఏళ్ల తరబడి తిరిగింది. ఇప్పుడు కల్వకుర్తి దగ్గరి కొట్ర చౌరస్తా మీదుగా పోయే శ్రీశైలం రోడ్డుకు మరో రకం సైకిలు వస్తోంది. 200 కిలోమీటర్లను 13న్నర గంటల్లో పూర్తిచేసే ‘బ్రెవే’ యాత్రల మోజు హైదరాబాద్‌లోనూ ఉంది. ఆ సరదా కొత్తగా పట్టుకున్నవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఒకటుంది. చేతిలో డబ్బు తక్కువ, తొక్కాల్సిన దూరం ఎక్కువ, నడుము పట్టెయ్యకూడదు; ఏ స్టీలు ఫ్రేము కొనాలి?

ఆ ఫ్రేము పుట్టుపూర్వోత్తరాల్లోనే సగం జవాబుంది.

1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. ఇంచుమించు ఆ రోజుల్లోనే జర్మనీలో మానెస్‌మాన్ సోదరులు అతుకు లేకుండా ఉక్కు గొట్టం తీసే పద్ధతి కనిపెట్టారు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇక మిగిలింది బరువు. గొట్టాన్ని పలచన చేస్తే బరువు తగ్గుతుంది, కానీ అతుకు దగ్గర విరుగుతుంది. ఈ చిక్కు విప్పింది బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసుకునే కంపెనీ. ఆ ఇంటి ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ 1897లో, పైకి ఒకే లావు, లోపల మాత్రం చివర్లు మందంగా, నడుమ పలచగా ఉండే గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. 1935లో అదే కంపెనీ మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ‘531’ ఉక్కు తెచ్చింది. పోటీ సైకిళ్లను ఆ గొట్టం దశాబ్దాల పాటు ఏలింది.

అప్పటికే రెనాల్డ్స్ కంపెనీ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద సంస్థలో భాగం. 1949లో చెన్నై పక్కన అంబత్తూరులో మురుగప్ప కుటుంబంతో కలిసి టీఐ సైకిల్స్ పెట్టిందీ ఆ సంస్థే. అంటే ఊళ్లో గడ్డిమోపు మోసిన టీఐ వారి హెర్క్యులెస్ సైకిలు, యూరపు పందేల్లో గెలిచిన 531 ఫ్రేము దాయాదులే. మన వాటాకు వచ్చింది మాత్రం మందపాటి మామూలు ఉక్కు.

ఆ ఉక్కు మరీ తీసికట్టా? దుకాణాల్లో చెప్పని సంగతి ఇక్కడుంది. బలం వేరు, బిరుసు వేరు. చవక ఉక్కయినా, ఖరీదైన క్రోమోలీ అయినా బిరుసు దాదాపు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. ఒకే కొలతల గొట్టాలు రెంటితో చేస్తే రెండూ ఒకేలా వంగుతాయి. తేడా బలంలో. క్రోమియం ఒక శాతం, మాలిబ్డినం చిటికెడు కలిసిన క్రోమోలీ అంత సులువుగా విరగదు కాబట్టి గొట్టాన్ని పలచగా తీయొచ్చు, బరువు తగ్గించొచ్చు. మనం ఎక్కువ పెట్టే డబ్బు ఆ పలచదనానికే. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే, ఫ్రేములో కిలో తగ్గితే ఎత్తు ఎక్కేటప్పుడు కలిసొచ్చేది ఒక శాతం పైచిలుకు. గంట ఎక్కుడులో ముప్పావు నిమిషం! పందెం కాసేవాడికి అది చాలా ఎక్కువ. దారిలో చాయ్ తాగడానికి ఆగేవాడికి లెక్కలోకే రాదు.

‘స్టీలు కుదుపు మింగుతుంది’ అనే మాటనూ నేను సగమే నమ్ముతాను. మూడు గొట్టాలతో కట్టిన త్రికోణం పైనుంచి పడే బరువుకు దాదాపు వంగదు. ముందుకు వంచిన ఫోర్కు కొంచెం ఊగుతుంది, సీటు కింది రాడ్డు ఇంకొంచెం. ఊళ్ల దగ్గర వరసగా వేసిన రంబుల్ పట్టీల దెబ్బను ఎక్కువగా తినేది గాలి టైరే. పాత సైకిలు టైరు పక్కన ‘28×1½’ అని ఉబ్బెత్తు అచ్చు ఉంటుంది. ఒకటిన్నర అంగుళమంటే 38 మిల్లీమీటర్లు. 23 మిల్లీమీటర్ల టైరుకు తప్ప చోటులేని పోటీ ఫ్రేము, అది 531 అయినా సరే, కల్వకుర్తి దాటేలోపే అరచేతులు తిమ్మిరెక్కిస్తుంది.

అందుకే కొనేటప్పుడు గొట్టం పేరు చెప్పే స్టిక్కరు తర్వాత చూడండి. ముందు ఫోర్కు సందులో, వెనక చైను పక్క పైపుల మధ్య 32 మిల్లీమీటర్ల టైరు పట్టి, ఇంకా వేలు దూరే చోటుందా చూడండి. మడ్‌గార్డుకు, క్యారియర్‌కు బోల్టు రంధ్రాలుండాలి. హ్యాండిలు దాదాపు సీటు ఎత్తుకు రావాలి. ముందు పైపు పొట్టిగా ఉన్న ఫ్రేములో అది కుదరదు. రెండు చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువుంటే సాయంత్రానికి అలిసిన చేతుల్లోనూ బండి తిన్నగా పోతుంది. మన 24 సైజు పెద్ద సైకిలుకు ఇవన్నీ ఉన్నాయి. లేనివి గేర్లూ, మంచి బ్రేకులే. ఇరవై కిలోల దాకా తూగే ఆ బండితో నల్లమల ఘాటు ఎక్కమని మాత్రం ఎవరికీ చెప్పను.

పాత క్రోమోలీ ఫ్రేము దొరికితే బేరమే, కానీ ఎండలో పెట్టి చూడాలి. హ్యాండిలు వెనక, కిందికి దిగే పైపు అడుగున వేలితో తడమండి. పెయింటు ముడతపడి, చిన్న ఉబ్బు తగిలితే ఆ బండి ఎప్పుడో దేన్నో ముందు నుంచి గుద్దింది, వదిలెయ్యండి. పెడల్ ఇరుసు దూరే డబ్బాను తలకిందులు చేస్తే తుప్పు పొడి రాలుతుందా చూడండి. సీటు రాడ్డు పైకీ కిందికీ జరగకపోతే ధర తగ్గించమని అడగండి, లేదా వద్దనండి. వెనక చక్రం పట్టే సందు 126 మిల్లీమీటర్లే ఉందని వెనకాడక్కర్లేదు. ఉక్కు కాబట్టి తెలిసిన మెకానిక్ దాన్ని 130కి జాగ్రత్తగా వెడల్పు చేయగలడు. అల్యూమినియం ఫ్రేముతో ఆ పని పెట్టుకోకూడదు.