ఉద్యోగము పోయినను ఆరోగ్య బీమా నిలుపుకొనుట



ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట వివేకము కాదని పెద్దలందురు. మన తెలుగు ఆడుపడుచులెందరో నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములందు కాపురముండుట మీరెరిగినదే. ఆ దేశమున వైద్యము మిక్కిలి వ్యయసాధ్యము. పెక్కు కుటుంబములకు ఆరోగ్య బీమా ఉద్యోగముతోనే ముడివడి యుండును. భర్తకు పని పోయిననాడు జీతముతోపాటు బీమాయు పోవునేమో యని ఇల్లాలు తల్లడిల్లుట సహజము.

ఈ యాపదకై అచ్చట ‘కోబ్రా’ యను చట్టము కలదు. 1986 ఏప్రిలు 7వ తేదీన అధ్యక్షుడు రీగన్ దానిపై సంతకము చేసెను. పేరు పామును తలపించినను దాని పని కాపాడుటయే. 20 మందికి తక్కువగాక పనివారున్న సంస్థలకు ఇది వర్తించును. ఉద్యోగి తానై మానుకొన్నను, యజమాని తొలగించినను, ఘోరమైన దుష్ప్రవర్తన కారణము కానిచో, వెనుకటి బీమానే సాధారణముగా 18 నెలలు సాగించుకొనవచ్చును.

అయితే ఇది ఉచితము కాదు. యజమాని భరించుచుండిన భాగమును సైతము మనమే చెల్లింపవలయును. నిర్వహణకై నూటికి 2 వంతున అదనముగా అడుగవచ్చును. పూర్తి ప్రీమియము నెలకు 1,000 డాలర్లై, జీతమునుండి 250 మాత్రమే కోతపడుచుండిన యింట, ఇకమీదట 1,020 వరకు కట్టవలసివచ్చును.

గడువు ముఖ్యము. నోటీసు పంపిన నాడు, బీమా ఆగిన నాడు, ఈ రెంటిలో తరువాతిదానినుండి 60 దినములలో సమ్మతి తెలుపవలయును. పిమ్మట మొదటి సొమ్మునకు 45 దినములు గడువుండును. వెనుకటి నెలల బాకీతో సకాలమున చెల్లించినచో, బీమా ఆగిన నాటినుండియే వర్తించును; నడుమ జబ్బుచేసినను రక్షణ కలదు.

స్త్రీలు మరువరాని సంగతి యొకటి. ఆ బీమాలో చేరియున్న భార్యకును, ప్రతి బిడ్డకును వేరువేరుగా హక్కు కలదు. భర్త తనకు వలదన్నను, ఆమె తనకొరకును పిల్లలకొరకును కోరుకొనవచ్చును. భర్త మరణించినను, విడాకులు కలిగినను వారికి 36 నెలల వరకు రక్షణ యుండును. విడాకుల సంగతి మాత్రము 60 దినములలో మనమే తెలియజేయవలయును.

ప్రభుత్వ చట్టముచే నేర్పడిన బీమా విపణిలో క్రొత్త బీమా కొనుటకును సాధారణముగా 60 దినములే గడువు. ఆదాయము తగ్గినవారికి అచ్చట సాయము లభింపవచ్చును గనుక రెంటి వెలలను సరిపోల్చి నిర్ణయించుకొనుట మేలు.

కావున పని పోయిన దుఃఖములో, టపాలో వచ్చిన కాగితమును మూలకు ద్రోయక, స్వయముగా చదివి, గడువు తేదీని గుర్తుంచుకొనుడు. మన చదువు పురాణ పఠనమునకే కాదు, ఇంటిల్లిపాదిని కాచుకొనుటకును అక్కరకు రావలయును.