పులిరాజా అడిగాడు.. మనమే చెప్పట్లేదు!

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?"

2003 ప్రాంతంలో ఎక్కడ చూసినా ఇదే హోర్డింగ్. అప్పుడు నేను ఒకటో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదవడం కొత్తగా వచ్చింది కదా, నాన్న స్కూటర్ మీద ముందు నిలబడి ఏలూరు బస్టాండ్ దగ్గర గట్టిగా చదివేశా. "నాన్నా, పులిరాజా ఎవరు?" అని అడిగితే ఆయన మాట్లాడకుండా స్కూటర్ స్పీడు పెంచారు.

ఆ బోర్డులు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పెట్టించిందని పెద్దయ్యాక తెలిసింది. అంతకుముందు ముంబైలో 'బల్బీర్ పాషా' పేరుతో ఇలాంటి ప్రచారమే నడిచింది. దూరదర్శన్‌లో 'జాసూస్ విజయ్' డిటెక్టివ్ సీరియల్ కూడా ఈ జాగ్రత్తలే చెప్పేది. 2008లో అయితే "కండోమ్ కండోమ్" అని పాడే రింగ్‌టోనే వచ్చింది! జనం నవ్వుకున్నారు, తిట్టుకున్నారు, జోకులేసుకున్నారు. కానీ ఆ మాట నలుగురి నోళ్లలో నానింది. ప్రచారానికి కావాల్సింది అదే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నా రూమ్మేట్ వల్ల. హైదరాబాద్‌లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. ఒకరోజు అర్ధరాత్రి లేపి, "మామా, నేను చచ్చిపోతాన్రా" అని ఏడ్చాడు. పది రోజుల కిందట ఒక తప్పటడుగు వేశాడట. అప్పట్నుంచీ రోజూ ఫోన్‌లో అదే వెతుకులాట. భయపడి ఒక వీడియో చూస్తే, దాని వెనకే ఇంకో పది భయపెట్టే వీడియోలు. చివరికి "హెచ్ఐవీని పూర్తిగా తగ్గిస్తాం" అన్న ఎవరికో ఎనిమిది వేలు కట్టేశాడు.

ఇలాంటి యాప్‌లు ఎలా పనిచేస్తాయో మాకు తెలుసు. మనం దేని మీద ఎక్కువసేపు ఆగితే దాన్నే మళ్లీ చూపిస్తాయి. అది నిజమా, అబద్ధమా అన్నది వాటికి అనవసరం. తెలిసీ మావాడు పడిపోయాడు. భయం అలాంటిది.

పొద్దున్నే సర్కారు ఆస్పత్రిలోని ఐసీటీసీ కేంద్రానికి తీసుకెళ్లా. పరీక్ష ఉచితం. కౌన్సెలర్ మేడమ్ ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. "బాబూ, 72 గంటల్లోపు డాక్టర్‌ని కలిసుంటే, అవసరమైతే 28 రోజులు వాడే మందులు ఇచ్చేవారు. ఇప్పుడా టైమ్ దాటిపోయింది. ఈరోజు నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి" అన్నారు.

మావాడి మొహం చూడలేకపోయా. ఆ 72 గంటలూ వాడు వీడియోలు చూస్తూనే ఉన్నాడు మరి!

మూడు నెలలు వాడికి సరిగ్గా నిద్ర లేదు. అదృష్టం బాగుంది, రెండోసారి కూడా నెగెటివే. ఎనిమిది వేలు మాత్రం తిరిగి రాలేదు.

హోర్డింగ్ అందరి చేతా బయటికి అడిగించింది. ఫోన్ ఒంటరిగా, దొంగచాటుగా అడిగిస్తోంది. అలా అడగడం తప్పేం కాదు. కొన్ని విషయాలు ఇంట్లో అడగలేం. కాకపోతే జవాబు సరైన చోటు నుంచి రావాలి. రీల్స్ చేసే కుర్రాళ్లు, యూట్యూబ్ డాక్టర్లు, టీవీ వాళ్లు డిసెంబర్ 1న మాత్రమే కాకుండా మిగతా రోజుల్లోనూ నాలుగు ముక్కలు చెప్తే బాగుంటుంది. కండోమ్ వాడితే ముప్పు బాగా తగ్గుతుంది. దోమ కుట్టినా, కలిసి తిన్నా హెచ్ఐవీ రాదు. వచ్చినా ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. అవి క్రమం తప్పకుండా వాడి, వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా ఇంకొకరికి సోకదు. 2017 చట్టం ప్రకారం మన వివరాలు గోప్యంగా ఉంచాలి.

అనుమానం ఉంటే వీడియోలు వెతక్కండి. 1097కి ఫోన్ చేయండి, అది టోల్ ఫ్రీ నంబర్.

మొన్న ఊరెళ్లినప్పుడు నాన్నని మళ్లీ అడిగా, "పులిరాజా గుర్తున్నాడా?" అని. ఈసారి తప్పించుకోడానికి స్కూటర్ లేదు. నవ్వేసి, "కూర్చో, చెప్తా" అన్నారు.