‘మల్లీశ్వరి’ గొప్పదా, ‘పాతాళభైరవి’ గొప్పదా?

మన ఎడిసన్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే రాజకీయాలనైనా తప్పించుకోవచ్చునేమో గానీ పాత సినిమాలను తప్పించుకోలేం. భోజనాలయి కాఫీలు వచ్చేవేళకి ఎవరో ఒకరు “ఇప్పటివీ సినిమాలేనా అండీ!” అంటారు. అంతవరకూ అందరిదీ ఒకే మాట. “మరి అన్నిటికన్నా గొప్పదేది?” అనగానే సభ రెండుగా చీలుతుంది. ఓక్‌ట్రీ రోడ్డు మీద క్యాసెట్లు అద్దెకు తెచ్చుకున్న రోజుల నుంచి, ఫోనులోనే సినిమా చూసే ఈ రోజుల దాకా ఆ చీలిక ఎక్కువగా రెండు పేర్ల దగ్గరే ఆగుతోంది: ‘మల్లీశ్వరి’, ‘పాతాళభైరవి’.

రెండూ 1951లో వచ్చినవే. రెండింటిలోనూ రామారావుగారే నాయకుడు. మొదటిది వాహినీ వారికి బి.ఎన్.రెడ్డిగారు తీసినది. రెండోది ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి విజయా పతాకం మీద తీయించినది. దాని దర్శకుడు కె.వి.రెడ్డిగారు వాహినీలో బి.ఎన్. దగ్గర పనిచేసి పైకి వచ్చినవారే. అంటే ఈ తగువు మన డ్రాయింగు రూముల్లో పుట్టింది కాదు, అన్నదమ్ముల అభిరుచుల్లోనే ఉంది!

మల్లీశ్వరి పక్షంవారికి కృష్ణశాస్త్రిగారి పాటలు, రాజేశ్వరరావుగారి సంగీతం, భానుమతిగారి గొంతు చాలు. “మనసు తడవని సినిమా ఎందుకండీ?” అంటారు. వారి లెక్కలో పాతాళభైరవి పిల్లల కథ. మాంత్రికుడు, మాయలు, ఎగిరిపోయే మేడ, అంతే. అవతలివాళ్ళు తక్కువ తిన్నారా? “ఒక్క సన్నివేశం తీసి చూడండి, కథ కుంటుతుంది. అదీ పనితనం!” అంటారు. పింగళివారు రాసి ఎస్వీ రంగారావుగారు పలికిన ‘డింభకా’ అన్న పిలుపు ఆ సినిమా చూడనివాళ్ళ నోట కూడా ఆడుతోందని గుర్తుచేస్తారు. మల్లీశ్వరి వీళ్ళకు నిద్రమాత్ర.

బహుమతులు తీర్పు చెప్తాయా అంటే, అవీ తలో దారిలో పోయాయి. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి ఎంపికైనది పాతాళభైరవి ఒక్కటే. మరుసటి ఏడు మల్లీశ్వరి చైనా వెళ్ళింది. 1957 చిత్రాలకు ఇచ్చిన జాతీయ బహుమతుల్లో తెలుగుకు రాష్ట్రపతి రజత పతకం బి.ఎన్.గారి ‘భాగ్యరేఖ’కు వచ్చింది. అదే ఏడాది విడుదలైన కె.వి.గారి ‘మాయాబజార్’కు రాలేదు. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వారు ప్రేక్షకుల ఓట్లు అడిగితే, దేశంలోనే గొప్ప చిత్రంగా నిలిచింది ఆ మాయాబజారే. ఫాల్కే అవార్డు 1974కు బి.ఎన్.గారికి, 1986కు నాగిరెడ్డిగారికి దక్కింది. 1972లో కన్నుమూసిన కె.వి.గారికి అది అందలేదు. నవ్వించి, భయపెట్టి, మూడు గంటలు కూర్చోబెట్టేవాడి పనిని మన పెద్దలు రెండో మెట్టు మీదే ఉంచారని నా ఫిర్యాదు.

అయితే తగువు అసలు ముదిరేది పెద్దల మధ్య కాదు, ఇక్కడ పుట్టిన పిల్లలు వచ్చి పక్కన కూర్చున్నప్పుడు. మల్లీశ్వరి కథ మీకు తెలిసిందే. వానలో తలదాచుకున్నచోట, మారువేషంలో ఉన్న రాయలవారితో నాగరాజు వేళాకోళానికి మల్లికి పల్లకీ పంపమంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. తల్లి సంపదకు ఆశపడుతుంది. మల్లి రాణివాసం చేరుతుంది, ఇక అక్కడి నుంచి బయటికి దారి లేదు. చివరికి రాయలవారు ఇద్దరినీ కరుణిస్తారు. మనం కళ్ళు తుడుచుకుంటాం. పక్కనున్న పదహారేళ్ళ పిల్ల మాత్రం “ఆయన క్షమించడమేమిటి? తీసుకెళ్ళేముందు ఆ అమ్మాయిని అడిగారా?” అంటుంది.

“ఆ కాలం అలాంటిదమ్మా, ఇది క్లాసిక్, నీకు తెలియదు” అనేస్తారు తాతగార్లు. అది జవాబు కాదు. ఆ పిల్ల నిద్రపోలేదు, ఫోను చూసుకోలేదు, సినిమానే చూసింది. అంతఃపురంలో భానుమతిగారి ముఖం చూడండి. అది బంగారు పంజరమని బి.ఎన్.గారు ఎక్కడా దాచలేదు. పిల్ల అడిగిన ప్రశ్న సినిమాలోనే ఉంది. పాటల మైమరపులో మనమే దాన్ని దాటేస్తున్నాం. పాతాళభైరవిలో రాకుమారి గురించి కూడా పిల్లలు అడుగుతారు గానీ, ఆ కథ తోటరాముడి సాహసం వెంట పరుగెడుతుంది, ఆమె దగ్గర ఎక్కువసేపు ఆగదు.

అందుకని పనితనం మాటకొస్తే నా ఓటు కె.వి.గారికే. కానీ మన పిల్లలకు ఒక్క పాత సినిమా మాత్రమే చూపించే వీలుంటే మల్లీశ్వరినే చూపిస్తాను. పిల్లలకు జానపదమే నచ్చుతుందని అందరూ అనుకునేదానికి ఇది విరుద్ధమని తెలుసు. పండగ కార్యక్రమంలో అంత సమయం దొరకదు. అందుచేత ఏ శనివారం మధ్యాహ్నమో ఇంట్లోనే మొదలుపెట్టండి. సగంలో ఆపి పకోడీలు, కాఫీ ఇవ్వండి, పిల్లల్ని మాట్లాడనివ్వండి. పాతాళభైరవి పక్షంవాళ్ళను కూడా పిలవండి. పిలవకపోయినా ఎలాగూ వస్తారు.