తీగే దిక్కు

భివండి పద్మనగర్‌లో తెలుగు పద్మశాలీల చేతుల్లో పాత సాంచాలు (మరమగ్గాలు) ఇంకా ఆడుతూనే ఉన్నాయి. పడుగులో పోగు తెగితే అక్కడెవరూ సాంచాను తిట్టరు, తెగిన చోటు వెతికి ముడేస్తారు. పాత సర్వర్‌లోకి నెట్‌వర్క్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేవారికి కావలసిందీ ఆ చూపే.

నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే ఈ పద్ధతి డిస్కులు ఖరీదైన రోజుల్లో పుట్టింది. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రాసిన బూట్‌పీ, డిస్కు లేని యంత్రానికి చిరునామా ఇచ్చి ఏ ఫైలు తెచ్చుకోవాలో చెప్పేది. ఫైలు మోసేది టీఎఫ్‌టీపీ. 512 బైట్ల ముక్క పంపి, అందిందని కబురు వచ్చాకే మరొకటి పంపుతుంది. నత్తనడకే, కానీ నెట్‌వర్క్ కార్డు మీది చిన్న చిప్పులో ఇమిడిపోయేంత పొదుపైనది. బూట్‌పీ స్థానంలో డీహెచ్‌సీపీ వచ్చింది. 1990ల చివర్లో ఇంటెల్ వీటన్నిటినీ పీఎక్స్‌ఈ అనే ప్రమాణంగా కూర్చింది.

తెర మీద ‘పీఎక్స్‌ఈ-ఈ51’ కనిపిస్తే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని అర్థం. చాలామంది అప్పుడు కార్డు పోయిందనుకుంటారు. తప్పు స్విచ్‌ది కావచ్చు. స్పానింగ్ ట్రీ నడుస్తున్న స్విచ్, తీగ తగిలాక దాదాపు 30 సెకన్లు పోర్టు తెరవదు. ఈలోగా కార్డుకు ఓపిక చచ్చిపోతుంది. ఆ పోర్టుకు ఈ నిరీక్షణను తప్పించే పోర్ట్‌ఫాస్ట్ పెడితే సరి. ‘ఈ53’ అంటే చిరునామా దొరికింది, ఫైలు పేరు దొరకలేదు. ‘ఈ32’ అంటే టీఎఫ్‌టీపీ సర్వర్ పలకలేదు, ముందు ఫైర్‌వాల్‌లో యూడీపీ 69 చూడండి.

అసలు తికమక వీటిని దాటాక వస్తుంది. డెల్ పవర్‌ఎడ్జ్ 2950 వంటి సర్వర్‌లో డెబియన్ కెర్నల్ తీగ మీదుగానే దిగుతుంది, ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుంది, అంతలోనే నెట్‌వర్క్ కార్డు పనిచేయడం లేదంటుంది! వచ్చిన దారే లేదంటే నమ్మేదెలా? నిజానికి అప్పటిదాకా పనిచేసింది కార్డు చిప్పులోని ప్రోగ్రాం. కెర్నల్ దాన్ని పక్కన పెట్టి తన సొంత డ్రైవర్ ‘బీఎన్‌ఎక్స్2’ను దించుతుంది. దానికి బ్రాడ్‌కామ్ ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న కారణంతో 2011లో డెబియన్ 6 అలాంటి ఫైళ్లను కెర్నల్ నుంచి తీసేసింది. సూత్రం గొప్పదే, సర్వర్ ముందు నిలబడ్డవాడికి మాత్రం నరకం.

2023లో వచ్చిన డెబియన్ 12 తన అధికారిక ఇన్‌స్టాలర్ ఐఎస్‌ఓల్లో ఆ ఫైళ్లను చేర్చుకుంది. నెట్‌బూట్‌తో ఎక్కించేవారు మాత్రం ఫర్మ్‌వేర్‌ను, కెర్నల్‌తోపాటు దిగే ఇనిట్‌ఆర్‌డీ ఫైలు చివర తామే అతికించుకోవాలి.